గడువు లేని అంపశయ్య

భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఎదురుచూశాడు. ఆయనకు కనీసం ఒక గడువుంది. నవీన్ నవల 'అంపశయ్య'లో రవికి అదీ లేదు.

1969లో వచ్చిన ఈ నవలంతా ఒక్క రోజు కథే. ఉస్మానియా యూనివర్సిటీలో చదివే పేదింటి కుర్రాడు పొద్దున్న లేచింది మొదలు రాత్రి దాకా పడే మథనం. డబ్బుల్లేవు, రేపటి మీద నమ్మకమూ లేదు. చైతన్య స్రవంతి పద్ధతిలో అతని మనసులో మెదిలిన ప్రతి ఆలోచననూ రచయిత దాచకుండా రాశారు. దొంగరి మల్లయ్య అనే ఆ రచయితకు పుస్తకం పేరే ఇంటిపేరై, 'అంపశయ్య నవీన్' అయ్యారు.

నాకీ నవల ఎందుకిష్టమంటే, ఇది ఉత్తుత్తి ఊరటలు చెప్పదు. ఆశ ఉంటేనే బతగ్గలం అనుకుంటాం. కానీ ఆశ లేనివాడు కూడా లేస్తాడు, తిరుగుతాడు, నలుగురితో మాట్లాడతాడు. అలా ఒక రోజు దాటేస్తాడు. అదీ చిన్న పనేం కాదు.

ఇవాళ కూడా ఆర్ట్స్ కాలేజీ దగ్గర చెట్ల కింద, తార్నాక హాస్టల్ గదుల్లో గ్రూప్స్ పుస్తకాలు పట్టుకున్న రవులెందరో. వారిలో మీ అబ్బాయో అమ్మాయో ఉండొచ్చు. ఈసారి ఫోన్ చేస్తే 'ఉద్యోగం సంగతేమైంది?' అని అడక్కండి. 'అన్నం తిన్నావా నాన్నా?' అనండి. ఆ రోజు గడవడానికి ఆ మాట చాలు.