అమ్మగారికి సెలవు

రాజమండ్రిలో దంపతులు షికారు వెళ్లడానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. మేము శుక్రవారం సాయంత్రం ఇన్నీసుపేట నుండి గోదావరి గట్టుకు నడిచి వెళతాము. 1900లో తెరచి, 1997లో రైళ్లు మాన్పించిన హేవలాక్ వంతెన మసకచీకట్లో కనిపిస్తుంది. తిరుగుదారిలో మెయిన్ రోడ్డులో చెరొక గ్లాసు రోజ్ మిల్క్.

మొన్న మాత్రం ఒక హోటల్లో కూర్చుని చెరొక ఉప్మా పెసరట్టు తెప్పించాను. పాస్టరు భార్యతో హోటలుకు వస్తే చూసేవాళ్లు ఏమంటారోనని నాకు కాస్త జంకే. అన్నట్టే సంఘపెద్ద ఒకాయన ఎదురై, "ఏమండీ అయ్యగారూ, ఇంట్లో వంట లేదా?" అన్నారు. "ఈ పూట అమ్మగారికి సెలవండి" అన్నాను.

ఆమె ఒక ముక్క తుంచి, "వేడి అట్టు తిని ఎన్నాళ్లయిందో!" అంది. నా చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో అందరికీ పెనం మీదనుండి తీసి వేసి, ఆఖరున మిగిలినది నిలబడే తింటుంది. పద్దెనిమిదేళ్లుగా అదే వరస. కుటుంబ జీవితం మీద ఎన్ని ప్రసంగాలు చేశానో, ఇది నా కంటపడలేదు.

మర్నాడు ఉదయం పెనం దగ్గర నేను నిలబడ్డాను. మొదటి రెండు అట్లూ చిరిగాయి. మూడోది పళ్లెంలో వేసి, ఆమెను కూర్చోమన్నాను.