బీజీఎంఐకి ఒక ‘తోపు’ బటన్ కావాలి

పొచింకిలో రెండంతస్తుల ఇల్లు. నేను మెట్ల పైన, వాడు మెట్ల మధ్యలో. ఇద్దరి చేతుల్లోనూ ఎం416. ఇద్దరం ఒకేసారి స్ప్రే కొట్టాం, ఇద్దరం సగం గోడకే కొట్టాం, ఇద్దరికీ మ్యాగజైన్ అయిపోయింది. ఆ తర్వాత రెండు సెకన్లకు పైనే జరిగింది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చేయి చాస్తే తగిలే దూరంలో నిలబడి ఇద్దరు సైనికులు రీలోడ్ చేసుకుంటూ, కోతుల్లా అటూ ఇటూ గెంతుతున్నారు. వాడి రీలోడ్ ముందు అయింది. నేను నాక్.

పక్కనే కూర్చుని చూస్తున్న మా పిన్ని కొడుకు నెత్తి కొట్టుకున్నాడు. “అన్నయ్యా, వాణ్ని ఒక్క తోపు తోస్తే మెట్ల మీద నుంచి దొర్లిపోయేవాడు కదా!”

తోయడానికి బటన్ ఏదిరా అన్నాను. నిజమే, లేదు. గన్ లోపల పెట్టి పిడికిలితో గుద్దొచ్చు, పాన్ ఉంటే పాన్‌తో కొట్టొచ్చు. కానీ ఆయుధం మార్చేలోపు అవతలివాడి రీలోడ్ అయిపోతుంది. అందుకే మనలో చాలామందికి పాన్ అంటే వెనక వేలాడుతూ బుల్లెట్లు ఆపే ఇనుప రేకు, అంతే. దానితో కిల్ కొడితే క్లిప్ తీసి స్టేటస్ పెట్టుకుంటాం, అంత అరుదు. క్లోజ్ రేంజ్ గొడవలు ఇన్ని జరిగే గేమ్‌లో, గన్ చేతిలో ఉండగా చేయి వాడే దారే లేదు.

ఆ రోజు నుంచి ఇది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నా ప్రతిపాదన ఇది: గన్ చేతిలో ఉండగానే ఎదుటివాణ్ని తోసే బటన్ ఒకటి పెట్టాలి. డ్యామేజ్ సున్నా. పేరు మా వాడే పెట్టేశాడు, తోపు. రెండర్థాలూ సరిపోయాయి.

“కాల్ ఆఫ్ డ్యూటీలో ఉందిగా, నైఫ్” అని మీరు అనే లోపే చెప్తున్నా, నేను అడుగుతున్నది అది కాదు. 2009లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడినవాళ్లకి కమాండో పెర్క్ గుర్తుండే ఉంటుంది. కత్తి అందే దూరాన్ని పెంచేసే పెర్క్ అది. ఎదురుగా బుల్లెట్లు దిగుతున్నా సరే, మనిషి గాల్లో జారుకుంటూ వచ్చి ఒక్క పోటుతో చంపేసేవాడు. దాన్ని తిట్టని ప్లేయర్ నాకు ఇంతవరకు కనిపించలేదు. తప్పెక్కడుందంటే, అందులో చేయి గన్‌కి తోడుగా కాకుండా గన్‌కన్నా పెద్ద గన్ అయిపోయింది. హేలో మొదటి నుంచీ (2001) దీన్ని తెలివిగా చేసింది. గన్, గ్రెనేడ్, చేతి దెబ్బ మూడూ ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయి, ఆయుధం మార్చక్కర్లేదు. నాకు కావాల్సింది ఆ దారి. కాకపోతే హేలోలో మనిషి చావడానికి చాలాసేపు పడుతుంది, మన గేమ్‌లో అంత టైమ్ లేదు.

ఎంత టైమ్ ఉందో లెక్క వేద్దాం. ఎం416 ఒక్కో బుల్లెట్ డ్యామేజ్ 40 చుట్టూ ఉంటుంది. లెవెల్ 2 వెస్ట్ అందులో 40 శాతం తినేస్తే మిగిలేది 24. నిండు హెల్త్ ఉన్నవాడు ఛాతీ మీద ఐదు బుల్లెట్లకు పడతాడు. బుల్లెట్‌కి బుల్లెట్‌కి మధ్య 0.086 సెకన్లు. మొదటిది తగిలిన క్షణం నుంచి ఐదోది తగిలే వరకు 0.34 సెకన్లు. కన్ను చూసి వేలు కదలడానికే మామూలు మనిషికి పావు సెకను దాకా పడుతుంది. అంటే మూల తిరగగానే ఎదురుపడితే, ముందు నొక్కినవాడిదే ఆట.

ఇక్కడే ఫోన్ సంగతి వస్తుంది, ఇది గ్యాడ్జెట్ సైట్ కాబట్టి దాటి వెళ్లలేను. మా తమ్ముడి ఫోన్ అల్ట్రా సెట్టింగ్‌లో 40 ఎఫ్‌పీఎస్ ఇస్తుంది, వేడెక్కితే అదీ ఇవ్వదు. నేను రివ్యూ కోసం వాడే ఫోన్లలో కొన్ని 120 ఇస్తాయి. 40 అంటే ఫ్రేమ్‌కి 25 మిల్లీసెకన్లు, 120 అంటే 8.3. ఆ 0.34 సెకన్ల ఫైట్‌లో నా కంటికి 40 బొమ్మలు కనిపిస్తే వాడికి 13 కనిపిస్తాయి. దూరం నుంచి కొట్టుకునే ఫైట్‌లో ఈ తేడాని వాడు మేనేజ్ చేస్తాడు. కవర్, జోన్ అంచనా, గ్రెనేడ్ టైమింగ్, వీటన్నిటిలో వాడు నాకన్నా ముందే ఉన్నాడు. ఇంట్లోకి రష్ జరిగిందా, అయిపోయాడు. ఆ గదిలో గెలిచేది మెదడు కాదు, డిస్‌ప్లే. ఫోన్లు రివ్యూ చేసి బతికేవాడిగా 120 ఎఫ్‌పీఎస్ బాగుంటుందనే రాస్తాను, రాశాను కూడా. కానీ డబ్బు పెట్టలేనివాడికి గదిలో ఒక్క ఆప్షన్ కూడా లేకపోవడం డిజైన్ సమస్య.

మొదట నాకు తట్టింది ప్యారీ. అందరికీ ముందు అదే తడుతుంది. ఎదుటివాడు తోస్తుంటే సరైన క్షణంలో నొక్కి తిప్పికొట్టడం. బ్యాటిల్‌ఫీల్డ్ 4లో ఎదురుగా వచ్చి కత్తి పొడిస్తే, టైమింగ్ చూసి కౌంటర్ కొట్టే వీలుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు యూనిటీలో చిన్న ప్రోటోటైప్ చేసిపెట్టాడు. ఒక గది, ఒక తలుపు, మెట్లు, మనుషుల బదులు రెండు డబ్బాలు. దానికి నకిలీ పింగ్ కూడా తగిలించాడు. తోపు మొదలై తగలడానికి 0.25 సెకన్లు పెట్టాం.

ఇక్కడే తేడా కొట్టింది. పింగ్ 40 అంటే పోవడానికి 20, రావడానికి 20 అనుకోండి. దాడి మొదలైన సంగతి నా స్క్రీన్ మీదికి 20 మిల్లీసెకన్లకు వస్తుంది. నేను 220లో స్పందిస్తాను, నా నొక్కుడు సర్వర్‌కి చేరడానికి ఇంకో 20. మొత్తం 260. అప్పటికే తోపు తగిలిపోయింది. పింగ్ 120 ఉన్నవాడికి ఇదే లెక్క 340 అవుతుంది. అంటే మంచి నెట్ ఉన్నవాడికి కష్టం, మామూలు నెట్ ఉన్నవాడికి అసాధ్యం. పోనీ తోపుని నెమ్మది చేసి అర సెకను చేద్దామా అంటే, ఆ అర సెకనులో ఐదు బుల్లెట్లు తిని పోతాం. మూడో వంతు సెకనులో చంపే గన్లున్న గేమ్‌లో, చూసి స్పందించే ప్యారీకి చోటే లేదు. మా తమ్ముడికి సాయం చేద్దామని మొదలుపెట్టి వాణ్నే ముంచే మెకానిక్ చేశాం. ఒక సాయంత్రం పోయింది.

రెండో వెర్షన్‌లో టైమింగ్‌ని పక్కన పెట్టి, ఎవడు ఎక్కడున్నాడు, ఎవడు దేనికి సిద్ధపడ్డాడు అన్నదాని మీద కట్టాం. నియమాలు ఇవీ. ఎదురుగా ఒకటిన్నర మీటరు లోపల ఉంటేనే తగులుతుంది. మనిషిని లాక్కెళ్లడం, ఎయిమ్‌కి అతుక్కోవడం లాంటివి లేవు. తగిలితే వాడు ఒక మీటరు వెనక్కి పోతాడు, రీలోడ్ చేస్తుంటే ఆగిపోతుంది, అర సెకను పాటు వాడి గన్ పక్కకి తిరిగి ఉంటుంది. నా గన్ కూడా నొక్కినప్పటి నుంచి 0.7 సెకన్ల దాకా పేలదు. వాడి గన్ కుదురుకునేది 0.75కి. తేడా 0.05, ఒక్క బుల్లెట్‌కి కూడా సరిపోదు. అంటే తోపు కిల్ ఇవ్వదు, ఫైట్‌ని మళ్లీ మొదటికి తెస్తుంది. ఆ మధ్యలో తలుపు వేసుకోవడమో, పక్క గదిలోకి దూకడమో, టీమ్‌మేట్‌కి యాంగిల్ దొరకడమో, అది మన తెలివి.

తప్పితే మాత్రం 0.9 సెకన్ల పాటు గన్ కిందికే. ఎదుటివాడు ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు, మన పని ఖతం. ఇప్పటికే పేలుతున్న గన్ ముందు నొక్కితే కూడా అంతే, పావు సెకనులో మూడు బుల్లెట్లు లోపలికి దిగుతాయి. ఎస్686, డీబీఎస్ లాంటి షాట్‌గన్ పట్టుకున్నవాడు రెండు మీటర్ల దూరం పెట్టుకుంటే తోపు వాణ్ని ఏం చేయలేదు. కబడ్డీలో రైడర్ చేసేది ఇదే కదా, చేయి అందే గీత ఎక్కడుందో తెలిసి దాని మీద నడవడం. ఆ గీతకి ఫ్రేమ్ రేట్‌తో పెద్దగా పని లేదు.

పింగ్ సంగతి? హేలో 3లో ఇద్దరు ఒకేసారి ఎనర్జీ స్వోర్డ్ విసిరితే రెండూ ఢీకొని ఇద్దరూ వెనక్కి తగ్గుతారు. అక్కడ నుంచి తీసుకున్నాం. మొదటి తోపు సర్వర్‌కి చేరిన 0.35 సెకన్ల లోపు రెండోవాడి తోపు కూడా చేరితే, సర్వర్ దాన్ని ‘ఢీ’ అంటుంది. ఇద్దరూ అర మీటరు వెనక్కి, ఇద్దరి గన్లూ 0.4 సెకన్లు కిందికి. 0.35 ఎందుకంటే, పైన చూశారుగా, పింగ్ 120 ఉన్నవాడి లెక్క 340 వచ్చింది. వాడు చూసి నొక్కినా సరే, గెలవకపోయినా ఓడిపోడు. దీనికోసం అప్పటికే కదలడం మొదలైన బొమ్మని సర్వర్ సగంలో ఆపాలి, కాస్త జెర్క్ కనిపిస్తుంది. నాకు పర్వాలేదనిపించింది. “నేను నొక్కాను కానీ పడలేదు” అన్న కోపం కన్నా జెర్క్ నయం.

ఇక బటన్. ఫోర్ ఫింగర్ క్లా ఆడేవాళ్లు ఇప్పటికే చొక్కా పట్టుకుని అడుగుతారు, స్క్రీన్ మీద ఇంకో బటన్‌కి చోటెక్కడ అని. నేను దానికి తెలివైన సమాధానం దొరికిందనుకున్నాను. ఎప్పుడూ కనిపించక్కర్లేదు, శత్రువు రెండు మీటర్లలోకి వస్తేనే వెలగాలి. రూమ్మేట్ బాగుందన్నాడు, కోడ్ కూడా రాసేశాడు. మా తమ్ముడు ఒక్క రౌండ్ ఆడి ఫోన్ కింద పెట్టాడు. “తలుపు అవతల నువ్వున్నావని నాకు బటనే చెప్తోంది అన్నయ్యా. ఇది హ్యాక్ కదా?” మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. గోడ వెనక ఎవడు క్యాంప్ చేస్తున్నాడో చెప్పే రాడార్‌ని మేమే తయారుచేశాం. ఇప్పుడు బటన్ ఎప్పుడూ ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఎక్కడికైనా జరుపుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు.

సొంత టీమ్ మీద పనిచేయకూడదు, ఇది చెప్పక్కర్లేదు. చెప్తున్నా ఎందుకంటే, ర్యాండమ్ స్క్వాడ్‌లో ఎవడో ఒకడు మనల్ని స్కూల్ మేడ మీద నుంచి తోసి చూస్తాడు, గ్యారంటీ.

ఈ-స్పోర్ట్స్ వాళ్ల అభ్యంతరం నాకు అర్థమవుతుంది. బీజీఐఎస్ లాంటి టోర్నమెంట్లలో ఒక్కో రష్ వెనక నెలల ప్రాక్టీస్ ఉంటుంది. కొత్త బటన్ వస్తే ఆ కాంబినేషన్లన్నీ మళ్లీ నేర్చుకోవాలి. కాబట్టి ముందు ఈవెంట్ మోడ్‌లోనో, టీడీఎంలోనో వదలమంటాను. టీడీఎం అయితే ఇంకా మంచిది, గంటలో వందల క్లోజ్ ఫైట్లు జరుగుతాయి, లోపాలు త్వరగా బయటపడతాయి. క్లాసిక్‌లోకి తేవాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట. ఇక “ఇది షూటర్, కుస్తీ కాదు” అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. ఎదురుగా రీలోడ్ చేసుకుంటూ గెంతడం కూడా షూటింగ్ కాదు.

నలుగురం ఆడి చూసిన డబ్బాల గది ఇది. వంద మంది ఉన్న మ్యాప్‌లో ఇదే నిలుస్తుందని నేను అనను. ఇప్పటికే ఒకటి పగిలింది. ఎత్తు నుంచి తోస్తే పడే డ్యామేజ్ ఉండాలని మా వాడి పట్టు, ఉంచాం. దాంతో రెండో రోజుకి నలుగురం గదిలోకి పోవడం మానేసి, మేడ అంచునే ఒకడి వెనక ఒకడు తిరగడం మొదలుపెట్టాం. గన్ పట్టినవాడే లేడు. మా వాడికి తెగ నచ్చేసింది, నాకు నచ్చలేదు. ప్రస్తుతానికి మేడ చుట్టూ పిట్టగోడ కట్టేశాం, మెట్లు మాత్రం అలాగే వదిలేశాం. పిట్టగోడ తీసేయమని వాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.