పొగ వెనక్కి ఎందుకొచ్చింది?

"పూర్వ విద్యార్థిగా మీ అనుభవాలు రాసి పంపండి" అని యూనియన్ మిత్రులు అడిగారు. అనుభవాలంటే ఉద్యోగం, వీసా, జీతం అని వాళ్ళ ఉద్దేశం కావచ్చు. అవి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నేను మాత్రం ఒక ఇనప టాంకును పొయ్యిగా మార్చబోయి, నలుగురిలో నవ్వులపాలైన సంగతి రాస్తాను. చదివి మీరూ నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాని నవ్వడం అయ్యాక, దాని వెనక మన కాలేజీని గురించి చెప్పదలచుకున్న మాట ఒకటుంది, అదీ వినండి.

నేనుండేది అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం పక్కన. అక్కడివాళ్ళకు బార్బెక్యూ అంటే ప్రాణం. బార్బెక్యూ అనగానే మనవాళ్ళు బొగ్గుల మీద సీకులు కాల్చడం అనుకుంటారు. టెక్సస్ పద్ధతి అది కాదు. అక్కడ మాంసానికి మంట తగలకూడదు. ఓక్ కట్టెల వేడి, పొగ మాత్రమే తగలాలి. అదీ 110 నుంచి 135 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య, పది పన్నెండు గంటలు. బ్రిస్కెట్ అనే ఎద్దు రొమ్ము మాంసం అక్కడ పేరెన్నిక గన్నది. తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తినరు. నా పొయ్యిలో కోళ్ళు, మేక తొడలు ఎక్కువ. శాకాహారుల కోసం వంకాయలు కూడా పెడతాను. ఆ వంకాయలతో చేసిన పచ్చడి ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ అడక్కుండా వెళ్ళరు.

ఈ పనికి వాడే పొయ్యిని ఆఫ్‌సెట్ స్మోకర్ అంటారు. పేరు పెద్దదేగాని సంగతి చిన్నదే: మంట ఒక పక్క, వంట ఒక పక్క. పడుకోబెట్టిన ఇనప టాంకుకు ఒక చివర పొయ్యి పెట్టె, రెండో చివర పొగగొట్టం. పెట్టెలో పుట్టిన వేడీ పొగా టాంకు పొడుగునా నడిచి గొట్టంలోంచి బయటికి పోవాలి. చమురు బావుల దగ్గర పైపులు అతికే వెల్డర్లు మిగిలిపోయిన ఇనుముతో ఇలాంటివి చేసుకోవడం వల్లే అక్కడ ఇవి ఊరూరా వ్యాపించాయంటారు.

మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు టెక్సస్ గుర్తు రాలేదు, మా ఊరు గుర్తొచ్చింది. మాది కందుకూరు ప్రాంతం. మా నాన్నకు ఒక పొగాకు బ్యారన్ ఉండేది. వర్జీనియా పొగాకు పండించేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. బ్యారన్‌కు మంట బయట, ఆకు లోపల. మంట వేడి రేకు గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది. తేడా ఒక్కటే, అక్కడ పొగ ఆకుకు తగలకూడదు. అయిదారు రోజులు రాత్రింబవళ్ళు వేడిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది, ధర పడిపోతుంది.

మా బ్యారన్ దగ్గర మంట వేసే పెద్దాయన మాలపల్లె నుంచి వచ్చేవాడు. థర్మామీటరు ఉండేది, దాన్ని మా నాన్న చూసేవాడు. ఆయన చూసేవాడు కాదు. గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, ఆకు వాసన పీల్చి, "అబ్బాయిగారూ, ఇంకో రెండు మొద్దులు పడాలండీ" అనేవాడు. తరవాత నాన్న వెళ్ళి థర్మామీటరు చూస్తే ఆ మాటే నిజమయ్యేది. ఆ మనిషిని మేం కూలి అన్నాం. సాంకేతిక నిపుణుడు అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

చరిత్ర తిరగేస్తే ఈ వరస మనకొక్కళ్ళకే కాదని తెలుస్తుంది. వర్జీనియా పొగాకును బంగారు రంగుకు తెచ్చే పద్ధతి 1839లో నార్త్ కెరొలైనాలో స్టీఫెన్ అనే బానిస చేతిలో పుట్టిందని చెప్పుకుంటారు. రాత్రి కునుకుపట్టి లేచేసరికి మంట ఆరిపోతోందట, కంగారుపడి బొగ్గులు వేశాడట. పొలం, పంట, లాభం యజమానివి. బార్బెక్యూ సంగతీ అంతే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గోతులు తవ్వి, రాత్రంతా నిప్పు కాచి, ఆ వంటను వంటగా నిలబెట్టింది నల్లవాళ్ళు. టెక్సస్‌లో దానికి మెక్సికన్ల పద్ధతి, జర్మన్, చెక్ వలసదారుల మాంసం కొట్ల పద్ధతి తోడయ్యాయి. లాక్‌హార్ట్ అనే చిన్న ఊళ్ళో క్రైట్స్ మార్కెట్ 1900 నుంచి నడుస్తోంది. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రెయిలర్‌లో కొట్టు పెట్టిన ఆరన్ ఫ్రాంక్లిన్, 2015లో తన వంట గురించి పుస్తకం రాసినప్పుడు ఒక అధ్యాయం మొత్తం పొయ్యి తయారీకే కేటాయించాడు. వంటవాడు ఇనుము గురించి ఎందుకు రాశాడు? వేడిని అర్థం చేసుకోనిదే వంట లేదు గనక.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. పాత సామాన్ల యార్డులో 250 గాలన్ల ప్రొపేన్ టాంకు దొరికింది. రెండున్నర అడుగుల వ్యాసం, ఏడడుగుల పైచిలుకు పొడవు. ఇక్కడ ఒక హెచ్చరిక. గ్యాసు పట్టిన టాంకు ఖాళీ అయినా ఖాళీ కాదు. ప్రొపేన్ గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. గాలిలో 2 శాతం పైబడి ఉంటే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. కవాటం విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, కోసేముందు నిండా నీళ్ళు పట్టించాలి. అదీ తెలిసినవాడి చేతే చేయించాలి. జింకు పూత ఉన్న డ్రమ్ములూ పనికిరావు, వేడికి వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. ఇది చదివి హాస్టల్ మెస్సు సిలిండరు మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. అది మనది కాదు, కంపెనీది. దాన్ని కోసేవాడి ప్రాణానికీ పక్కవాడి ప్రాణానికీ పూచీ లేదు.

కోతా అతుకూ చేసి పెట్టింది మా వీధి చివర ఉండే మెక్సికన్ వెల్డరు. అరవై దాటినవాడు, బడి చదువు అయిదో ఆరో తరగతి. లెక్కలు మాత్రం నావి. పొయ్యి పెట్టె టాంకులో మూడోవంతు ఉండాలని ఆనవాయితీ. 250 గాలన్లంటే 57,750 ఘనపు అంగుళాలు. అందులో మూడోవంతు 19,250. అంటే ఒక్కో వైపు 27 అంగుళాల పెట్టె. బొమ్మ గీసి, కొలతలు వేసి, కాగితం ఆయన చేతికిచ్చాను. పొగగొట్టం దగ్గర మాత్రం నాకు సౌందర్య దృష్టి కలిగింది. మూడంగుళాల గొట్టం, రెండు వంపులు, పైన టోపీ. చూడ్డానికి ఓడలా ఉంది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇంజనీరుగారూ, పొగ ఎటు పోతుంది?" అన్నాడు. "గొట్టంలోంచే" అన్నాను. ఇంకేం అనలేదు, అతికి ఇచ్చాడు.

ఆ ఆదివారం పాతికమంది తెలుగువాళ్ళను భోజనానికి పిలిచాను. మంట వెయ్యగానే పొగ గొట్టంలోంచి రాలేదు, పొయ్యి తలుపులోంచి నా మొహానికి వచ్చింది. తలుపు మూస్తే మంట చస్తోంది, తెరిస్తే పొగ కొడుతోంది. ఊపిరాడని మంటకు తెల్లటి చిక్కటి పొగ వస్తుంది, అది మాంసానికి పడితే చేదు. నాలుగు గంటల తరవాత తీసిన కోళ్ళు క్వినైను మాత్రల్లా ఉన్నాయి. మా ఆవిడ లోపలికెళ్ళి పులిహోర కలిపి మర్యాద కాపాడింది.

రాత్రి కాగితం తీసి లెక్క కట్టాను. బయటి గాలి 30 డిగ్రీలు, లోపలి గాలి 120 డిగ్రీలు, నాలుగడుగుల గొట్టం. ఈ తేడా వల్ల పుట్టే లాగుడు సుమారు 3 పాస్కల్స్. అంటే నీటి మట్టంలో మిల్లీమీటరుకు మూడోవంతు! పొయ్యి మొత్తం నడవాల్సింది ఆ ఊదరలేని బలం మీద. దానికి నేను సన్న గొట్టం, రెండు వంపులు, టోపీ అడ్డం పెట్టాను. ఈ సూత్రం నాకు తెలియదా? తెలుసు. చిమ్నీ డ్రాఫ్టు మీద పరీక్షలో ప్రశ్న వస్తే పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కాని నా చెయ్యికి తెలియదు. ఆ వెల్డరు చేతికి తెలుసు. మర్నాడు ఆయనే వచ్చి, అడక్కుండానే ఆ గొట్టం కోసేసి, ఆరంగుళాల గొట్టం తిన్నగా నిలబెట్టాడు. వెడల్పు రెట్టింపు చేస్తే దారి నాలుగు రెట్లవుతుంది. మంట వేశాం. సన్నటి నీలి పొగ గొట్టంలోంచి పైకి పోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "కాగితం మీద మీ సంతకం ఉందిగా!" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి ఒప్పుకోవాలి. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఫిట్టింగు సెక్షన్ ఉండేది. రెండు ఇనప ముక్కలు ఆకురాయితో రుద్ది, ఒకదాంట్లో ఒకటి ఇరికేట్టు వి-జాయింటు చెయ్యాలి. నేను చెయ్యలేదు. ఒక సీనియరు చేసిన ముక్కలు కొనుక్కుని, దాని మీది పాత నంబరును ఆకురాయితో గీకేసి, నా నంబరు కొట్టించాను. ఆ ఏడాది నేను ఆకురాయి పట్టింది ఆ ఒక్కసారే. మంచి మార్కులొచ్చాయి. చేతికి మసి అంటకుండా మెకానికల్ ఇంజనీరునయ్యానని కొన్నాళ్ళు గర్వపడ్డాను కూడా. దాని వెల పాతికమంది ముందు, పొగలో నిలబడి చెల్లించాను.

నాది పాత కథ అనుకుందామా? ఇవాళ ఫైనలియరు ప్రాజెక్టులు రిపోర్టుతో సహా అమ్ముతున్నారు. నేను కొన్నది రెండు ఇనప ముక్కలు, ఇప్పుడు కొంటున్నది ఏడాది చదువు.

"ఈ కంప్యూటర్ రోజుల్లో ఇంకా ఆకురాయేమిటండీ? వేడీ గాలీ అన్నీ తెరమీదే చూసుకోవచ్చు" అని కొందరు లెక్చరర్లు అనవచ్చు. నా వృత్తి కూడా ఆ తెరమీదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కాని కంప్యూటరు మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. "పొగ ఎటు పోతుంది?" అన్న ప్రశ్న నాకు తట్టలేదు. చేసి చెడగొట్టుకున్నవాడికే అది తడుతుంది. ఇంకొందరు "చదువుకున్నవాడు చేసే పనేనా ఇది?" అంటారు. అక్కడే ఉంది మన జబ్బు. చెయ్యి ఒక కులానికి, బుర్ర ఒక కులానికి పంచిపెట్టిన దేశంలో ఇంజనీరింగు కాలేజీ ఆ రెంటినీ కలిపే చోటు కావాలి. మనం వాటిని విడదీసి డిగ్రీ ఇస్తున్నాం.

అందుకని యూనియన్ ముందూ, అధ్యాపకుల ముందూ రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి: మొదటి సంవత్సరం ఆరుగురేసి విద్యార్థులు కలిసి ఎవరికైనా పనికొచ్చే వస్తువు ఒకటి చెయ్యాలి. కాలేజీ గేటు ముందు టిఫిను బండికి పొయ్యి కావచ్చు, హాస్టల్లో స్నానాలకు నీళ్ళు కాచే బాయిలరు కావచ్చు. పరీక్ష రికార్డు మీద కాదు, వస్తువు మీద. ఎన్ని కట్టెలకు ఎన్ని లీటర్లు కాగాయి? పొగ ఎటు పోయింది? వాడే మనిషే ఎగ్జామినరు పక్కన కూర్చుని మార్కులు చెప్పాలి. చెడిపోయినా పరవాలేదు, ఎందుకు చెడిందో చెప్పగలిగితే సగం మార్కులివ్వండి.

రెండు: ఊళ్ళో మంచి వెల్డరునో, కమ్మరినో ఏడాదికి కొన్నాళ్ళయినా గౌరవ వేతనమిచ్చి కాలేజీకి పిలవండి. వర్క్‌షాపు మూలన స్టూలు మీద కాదు, లెక్చరరు కుర్చీలో కూర్చోబెట్టండి.

మా నాన్న బ్యారన్ ఎప్పుడో కూలిపోయింది. మంట వేసిన పెద్దాయన కూడా లేడు. ఇప్పుడు శనివారం రాత్రుళ్ళు నా టాంకు పక్కన కుర్చీ వేసుకుని గంటకో మొద్దు వేస్తుంటాను. మాంసం వేడి 70 డిగ్రీల దగ్గర ఆగిపోయి గంటల తరబడి కదలదు. చెమట పట్టి ఒళ్ళు చల్లబడ్డట్టు, మాంసం తడి ఆరుతూ వేడిని మింగేస్తుంది. కొత్తవాడు అక్కడ కంగారుపడి మంట పెంచుతాడు. పచ్చాకు తడి వదిలేదాకా తొందరపడొద్దని ఆ పెద్దాయన మాకు చెప్పింది అదే. ఈ చదువు ఆయన దగ్గర ఉచితంగా దొరికే రోజుల్లో నేను పరీక్షలకు చదువుకుంటున్నానని ఆయన పక్కన కూర్చోలేదు. మీకింకా వ్యవధి ఉంది. వర్క్‌షాపు తలుపు ఉదయం తొమ్మిదికే తీస్తారు, వెళ్ళండి.

— ఒక పూర్వ విద్యార్థి, మెకానికల్ శాఖ