ఒకటో నంబరు కుర్రాడు ఎందుకు వెనకబడ్డాడు?

ఐస్ హాకీ చూసేవాళ్ళకి ఒక జబ్బుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని వరసలో నిలబెట్టి, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసేస్తారు. రెండేళ్ళు తిరక్కుండానే వీడు బంగారం, వాడు దండగ అని తేల్చేస్తారు. నా మటుకు నాకు "ఎవడు గొప్ప?" అన్న ప్రశ్నే తప్పనిపిస్తుంది. "వాడికి ఏ పని అప్పజెప్పబోతున్నారు?" అని అడగాలి.

2020 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టే తీసుకోండి. (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడాన్నే డ్రాఫ్టంటారు.) మొదటి ముగ్గురూ ఫార్వర్డులే. లాఫ్రెనియేర్‌ని న్యూయార్క్ రేంజర్స్, బైఫీల్డ్‌ని లాస్ ఏంజిలిస్ కింగ్స్, స్టుట్స్‌లెని ఒట్టావా సెనేటర్స్ తీసుకున్నాయి.

అంతకుముందు సీజన్లో లాఫ్రెనియేర్‌వి 52 ఆటల్లో 112 పాయింట్లు. బైఫీల్డ్‌వి 45 ఆటల్లో 82. స్టుట్స్‌లెవి 41 ఆటల్లో 34. (గోలు కొడితే ఒక పాయింటు, కొట్టడానికి సాయపడితే ఒక పాయింటు.) చూడ్డానికి తేడా బోలెడుంది. కాకపోతే మొదటి ఇద్దరూ కెనడాలో తమ ఈడు కుర్రాళ్ళతో ఆడారు, మూడోవాడు జర్మనీలో పెద్దవాళ్ళ లీగులో ఆడాడు. ఈ రెంటినీ ఒకే త్రాసులో ఎలా తూస్తాం?

సరే, తర్వాతేమైందో చూడండి. ఫార్వర్డులు ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా దిగుతారు. ఎక్కువసేపు ఆడేది, మంచి అవకాశాలొచ్చేది పై రెండు లైన్లకే. లాఫ్రెనియేర్ ఎడమ వింగు ఆటగాడు. రేంజర్స్‌లో ఆ చోట అప్పటికే పనారిన్, క్రైడర్ ఉన్నారు. మరి కుర్రాడెక్కడ కూర్చుంటాడు? మొదటి ఏడాది 56 ఆటల్లో 21 పాయింట్లే వచ్చాయి.

ఒట్టావా అప్పుడు జట్టుని మొదట్నుంచీ కట్టుకుంటోంది. అక్కడ స్టుట్స్‌లెకి చోటుంది, తప్పులు చేసే వెసులుబాటూ ఉంది. తర్వాత సెంటర్‌గా మార్చారు. 2022-23లో 90 పాయింట్లు కొట్టాడు. బైఫీల్డ్‌కి 2021లో చీలమండ విరిగింది. కోలుకున్నాక, సెంటరైన వాణ్ణి కోపిటార్ పక్కన వింగులో ఆడించారు. 2023-24లో 20 గోల్స్ చేశాడు.

అదే 2023-24లో లాఫ్రెనియేర్‌ని కుడి వింగుకి మార్చి పనారిన్‌తో ఆడించారు. 28 గోల్స్! రాత్రికి రాత్రే ఆట నేర్చుకున్నాడా? కాదు, కుర్చీ మారింది. అలాగని కుర్రాడి బాధ్యతేం లేదనను. మరుసటేడు మళ్ళీ 17కి పడ్డాడు. చోటు దొరికాక నిలబెట్టుకోవడం వాడి పనే.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఒకే బ్యాచిలో చేరిన ఇద్దరిలో ఒకడికి కొత్త ప్రాడక్టు, ఇంకోడికి సపోర్టు ప్రాజెక్టు. అయిదేళ్ళ తర్వాత ఇద్దరి రెజ్యూమెలూ పక్కపక్కన పెట్టి, మొదటివాడే తెలివైనవాడు అంటే ఎంత అన్యాయం?

అందుకే ఎవరైనా "టాప్ టెన్ కుర్రాళ్ళు" లిస్టు చూపిస్తే నేను మూడే అడుగుతాను. ఏ చోట ఆడతాడు? ఆ చోట వాడికంటే ముందెవరున్నారు? మూడేళ్ళ తర్వాత ఆ జట్టుకి ఏం కావాలి? వీటికి జవాబు లేని లిస్టు, జాతకాల కాగితంతో సమానం. ఆ కాగితం చూసి ఇరవయ్యేళ్ళ వాణ్ణి పనికిరాడనెయ్యడం మాత్రం పాపం.

మీరేమంటారు?