మన యింటి కారమునకు పరీక్ష వలదా?

మిరపకోతల కాలమున కనిగిరి చుట్టుపట్ల కల్లములలో కాయలెండుట మన విద్యార్థులు చూచినదే. వానిపై కోళ్లు తిరుగును, పక్షులు వాలును. ఎండిన కారములో ఏ క్రిమియు బ్రదుకదని పలువురి నమ్మకము. అది పొరపాటు. సాల్మొనెల్లా యను క్రిమి పొడిపదార్థములందు వృద్ధిపొందకపోయినను నెలల తరబడి ప్రాణముతో నుండగలదు. 2007 మొదలు 2009 వఱకు అమెరికాకు చేరిన సుగంధద్రవ్యముల సరకులను అచ్చటి యధికారులు శోధింపగా, నూటికి దాదాపు 7 సరకులందు ఈ క్రిమి కనబడెను.

25 గ్రాముల కారములో ఈ క్రిమి ఒక్కటియు ఉండరాదని మన దేశపు నిబంధన. క్రిమిని పెంచి గుర్తించు పాతపద్ధతికి నాలుగైదు దినములు పట్టును. మన రక్తములో పుట్టు ప్రతిరక్షకములు తమకు తగిన క్రిమినే పట్టుకొనును. ఈ గుణము నాధారము చేసికొని 1896లో వీడాల్ పండితుడు టైఫాయిడు పరీక్షను వెలయించెను. ఒకే తీరు ప్రతిరక్షకములను కోరినంత తయారుచేయు విధమును 1975లో కోలర్, మిల్‌స్టీన్ పండితులు కనిపెట్టిరి. నేడు అట్టి ప్రతిరక్షకములను పూసిన చిన్న కాగితపు పట్టీలు వచ్చినవి. నమూనాను సుమారొక దినము పోషకద్రవములో నుంచి, కొన్ని బొట్లు పట్టీపై వేసినచో, క్రిమి యున్నయెడల పావుగంటలో రంగుగీత తేలును. చచ్చిన క్రిమికిని గీత పడవచ్చును గనుక పాతపద్ధతిచే రూఢిపఱచుకొనవలెను.

గుంటూరులో సుగంధద్రవ్యముల బోర్డువారి పరీక్షాశాల యున్నది. పరదేశమునకు పోవు బస్తాకు జరుగు శోధన, మన యూరి మరలో ఆడించిన కారమునకు జరుగుచున్నదా? కూరలో బాగుగ నుడికిన కారమువలన భయము తక్కువ. కాని మన పిల్లలు వేడి యన్నములో కలుపుకొను కారప్పొడి పొయ్యి నెఱుగదు. పరులబిడ్డల యారోగ్యమునకు చూపు జాగ్రత్త మన బిడ్డలకును చూపుట న్యాయము. కావున వసతిగృహములకు కారము సరఫరాచేయువారి సరకునైనను, శిక్షణ పొందినవారిచేత, ఈ పట్టీలతో తఱచుగా పరీక్షింపించవలెనని మా యభిప్రాయము. ఇది బడిగదిలో చేయదగిన పని కాదు.

అయినను పట్టీ దోషమును చూపునేగాని కడుగదు. అది చూచునది చిటికెడు నమూనానేగాని బస్తానంతటిని గాదు. గిన్నె వెలుపల మాత్రము శుద్ధిచేయువారిని ప్రభువు గద్దించెను గదా! కాయలను నేలపైగాక శుభ్రమైన పట్టాలపై ఎండబోయుట, కోళ్లను తోలుట, చేతులు కడుగుకొనుట—ఇవి మన చేతిలోని పనులు. విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ యింటి కల్లమునుండియే మొదలుపెట్టుడు.