‘ఎంతొస్తంది?’ అంటే ఎందుకంత మొహమాటం?

మొదటి జీతం పడిన రోజు వింజమూరులో ఉన్న అమ్మకి ఫోన్ చేశా. ఎంతొచ్చిందని అడగలేదు. ‘‘ఎంతైనా గానీ, బయట ఎవురికీ చెప్పబాక’’ అంది. మీలో ఎంతమంది ఇదే మాట విని ఉంటారో!

ఆ ఏడాదే అన్న బైక్ కొన్నాడు. పే స్లిప్ ఉన్నది నాకు కాబట్టి లోన్ నా పేరు మీద తీశాం. ఈఎంఐ తను కడతానన్నాడు, ఫోన్ నంబర్ కూడా తనదే ఇచ్చాం. సంతకం పెట్టి మర్చిపోయా. రెండేళ్ల తర్వాత స్కూటీ కోసం నేను లోన్‌కి వెళ్తే సిబిల్ స్కోరు చూసి కుదరదన్నారు. ఐదు ఈఎంఐలు ఆలస్యమయ్యాయట! అన్న మోసగాడేం కాదు. మధ్యలో ఉద్యోగం పోయింది. చెల్లెలికి చెప్పడానికి తనకి మొహం చెల్లలేదు. ‘కడుతున్నావా?’ అని అడగడానికి నాకు మొహమాటం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మతో చెప్పుకుని ఏడ్చా. అంతా విని ఒకటే అడిగింది: ‘‘మీ ఇంట్లో పుస్తకం లేదా?’’

పుస్తకమంటే పొదుపు సంఘం లెక్కల పుస్తకం. మాకు పక్కనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1992లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా మీద తిరగబడింది అక్కడే. కూలి డబ్బంతా సారా కొట్టుకు పోతుంటే ఇంట్లో పొయ్యి వెలగడం లేదన్నదే వాళ్ల గొడవ. ఒక రకంగా అది డబ్బు గురించి నోరు విప్పడమే. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. తర్వాత ‘పొదుపులక్ష్మి’ వచ్చింది. రోజుకో రూపాయి దాచడం.

‘‘మీటింగులో ఎవురు ఎంత ఏశారు, ఎవురి బాకీ ఎంత... అంతా గట్టిగా చదివేవోళ్లు. నాకు చదువు రాకపోయినా లెక్క చెవిన పడేది’’ అంది అమ్మమ్మ. ఆ పుస్తకాలు చూసే బ్యాంకులు సంఘాలకు అప్పులిచ్చాయి. అంతా బంగారమేం కాదు. వాయిదా కట్టలేని రోజు పదిమందిలో తలొంచుకోవాల్సి వచ్చేది. తెచ్చిన అప్పు ఇంట్లో మగాళ్ల చేతికి పోవడమూ ఉండేది. కానీ ఎవరి బాకీ ఎంతో తెలియకుండా మాత్రం ఉండేది కాదు.

మరి మనం? యూపీఐలో టింగుమంటే పోయాయి, టింగుమంటే వచ్చాయి. చెవిన పడే లెక్క మాత్రం లేదు.

అందుకే ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం మేమూ మీటింగ్ పెట్టుకుంటున్నాం. అమ్మ, అన్న, నేను, ఒక నోటు పుస్తకం. మొదటిసారి అన్న తన బాకీ చదివాడు, గొంతు తడబడింది. నేను నా జీతం చెప్పా. చివర్లో అమ్మ మెల్లగా, ‘‘నాదీ రాయి’’ అంది. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న అమ్మకి నెలకెంత వస్తుందో మాకెవరికీ తెలీదు. అడిగిందీ లేదు. ఆ అంకె రాస్తుంటే సిగ్గేసింది.

మీరు కూడా ఈ ఆదివారం ఇంట్లో మూడు అడగండి. మన పేరు మీద ఏ అప్పులున్నాయి? మన ఖాతాకి నామినీ ఎవరు? మన పిన్ ఎవరెవరికి తెలుసు? ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి మన పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూడండి.

అన్నట్టు, అమ్మ జీతం కూడా అడగండి.