హాఫ్‌టైమ్‌లో బెంచీ మీదికి

2018 జనవరి 8. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్. జార్జియా చేతిలో అలబామా 0-13తో వెనకబడి ఉంది. హాఫ్‌టైమ్‌లో కోచ్ నిక్ సేబన్ తన క్వార్టర్‌బ్యాక్‌ని తీసి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ కుర్రాడు జేలెన్ హర్ట్స్. వయసు 19. రెండేళ్లుగా జట్టు అతని మీదే నడుస్తోంది.

ఈ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేదే ఎక్కువ. దాదాపు ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, తనే పట్టుకుని పరిగెత్తాలా... రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. మన ఊళ్ల వాలీబాల్‌లో బంతి లేపి ఇచ్చేవాడు ఉంటాడు చూడండి, అలాగ. పాయింటు కొట్టేది ఇంకొకడు, పోతే తిట్లు మాత్రం వీడికి.

హర్ట్స్ బదులు దిగిన టువా టాగోవైలోవా మ్యాచ్‌ని మలుపు తిప్పాడు. అలబామా 26-23తో గెలిచింది. తర్వాతి సీజన్‌లో ఆ చోటు టువాదే. హర్ట్స్ కాలేజీ మారిపోతాడని అందరూ అనుకున్నారు. మారలేదు.

డిసెంబర్ 1న మళ్లీ అదే జార్జియా, అదే అట్లాంటా స్టేడియం. నాలుగో క్వార్టర్‌లో టువాకి దెబ్బ తగిలింది. 21-28తో వెనకబడి ఉండగా హర్ట్స్ దిగాడు. ఒక టచ్‌డౌన్‌కి బంతి విసిరాడు, ఇంకోదానికి తనే పరిగెత్తాడు. 35-28. సినిమాలో పెడితే మరీ ఓవర్ అంటాం.

కానీ నాకు నచ్చింది ఆ నెలలోనే జరిగిన ఇంకో సంగతి. హర్ట్స్ మూడేళ్లలోనే డిగ్రీ పూర్తిచేశాడు. అప్పటి రూల్ ప్రకారం కాలేజీ మారిన ఆటగాడు మామూలుగా ఒక సీజన్ ఆడకుండా ఉండాలి. డిగ్రీ అయిపోయినవాడు వెంటనే ఆడొచ్చు. అలా ఓక్లహోమాకి వెళ్లి, 2019లో హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 2020 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ అతణ్ని 53వ పేరుగా తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ 40-22తో గెలిచినప్పుడు ఎంవీపీ అతనే. మధ్యలో ఓక్లహోమా నుంచి మాస్టర్స్ కూడా అయిపోయింది.

అక్కడంతా బంగారమేం కాదు. అప్పట్లో కోచ్‌లకి కోట్లు, కుర్రాళ్లకి స్కాలర్‌షిప్. సొంత పేరు మీద నాలుగు డబ్బులు సంపాదించుకునే వీలు కూడా 2021లోగానీ రాలేదు. అయినా చదువు పుస్తకం, ఆట బంతి ఒకే సంచీలో పట్టాయి.

మా నౌపడలో చిన్నాన్న కొడుకు వాలీబాల్ బాగా ఆడతాడు. ఇప్పుడు ఇంటర్, హాస్టల్. గ్రౌండ్ లేదు, తెల్లారి లేస్తే స్టడీ అవర్. "బంతెంట తిరిగితే కూడెడతాదేటి" అంటాడు చిన్నాన్న. ఆయన్ని తప్పుపట్టలేను. ఉప్పు మళ్లలో పని వానలొస్తే ఆగిపోతుంది. నేనూ ఆ స్టడీ అవర్లలోంచి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్నవాణ్నే. నా గొడవంతా టైమ్‌టేబుల్‌తో. ఇంజినీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా ఉంది, సరే. ఇంటర్ రెండేళ్లూ ఆడనివ్వకపోతే ఆ సర్టిఫికెట్ ఎక్కణ్నుంచి వస్తుంది?

అదే అలబామాలో, హర్ట్స్ కంటే ముందే, మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని కాలేజీ టెన్నిస్ ఆడాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. 2016లో క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. నౌపడలో పొద్దున్న రైలెక్కితే విశాఖ మధ్యాహ్నంలోపే. ఆ కాలేజీ మాత్రం సముద్రాలవతల.

మొన్న ఫోన్‌లో హర్ట్స్ కథంతా చెప్పాను. చిన్నాన్న విని ఒక్కటే అడిగాడు, "మరా గుంటడికి ఫీజు ఎవులు కట్టినారు?"

కాలేజే అన్నాను. ఫీజు, హాస్టలు, తిండి, అన్నీ.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనకాడ అలాగ కడతారేటి?" అన్నాడు.